పొగ తాగని ఒంట్లో పొగాకు

తెలంగాణలో బీడీ కార్మికులకు ఆసరా పింఛను మొదలై పదేళ్లు దాటింది. 2015లో నెలకు వెయ్యి రూపాయలుగా మొదలైన ఈ మొత్తం 2019లో 2,016 అయింది. అందుకుంటున్నవాళ్లు సుమారు నాలుగు లక్షల మంది, దాదాపు అందరూ ఆడవాళ్లే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వాడల్లో ఈ జాబితాలో పేరున్న మనిషి లేని వీధి వెతికినా దొరకదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ జాబితా మీద చర్చ లేస్తుంది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకే అన్న నిబంధన వల్ల బయట మిగిలినవాళ్ల మాటేమిటి, కంపెనీకీ కార్మికులకూ మధ్య ఉండే టేకేదారుల సంగతేమిటి, పింఛను ఎంతకు పెంచాలి అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నలే అవి. అయితే ఇంతమంది పేర్లు ఒక్కచోట చేర్చి పెట్టుకున్న ప్రభుత్వం చేతిలో, తనకు తెలియకుండానే, ఒక గొప్ప వైద్య పరిశోధనా సాధనం ఉంది. పొగాకును తాగకుండా, నమలకుండా, ఇరవై ముప్పై ఏళ్లు ఒడిలో పెట్టుకుని దాని దుమ్ము పీల్చిన మనిషికి చివరికి ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల జాబితా ఇది. దాన్ని మనం డబ్బులు పంచడానికే వాడుతున్నాం.

ఈ ప్రాంతానికి బీడీ పని ఎందుకు ఇంతగా అతుక్కుపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. సిరిసిల్లలో మగవాళ్లు మరమగ్గాల దగ్గర నిలబడితే ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చేశారు. కోరుట్ల, జగిత్యాల వైపు మగవాళ్లు గల్ఫ్‌కు పోతే, అక్కడి నుంచి డబ్బు వచ్చినా రాకపోయినా ఇల్లు నడిపింది బీడీల కూలే. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు, దారం తెచ్చుకోవడం, తునికాకును తడిపి కత్తిరించడం, ఒడిలో చాట పెట్టుకుని వెయ్యి లెక్కకు చుట్టడం, కట్టలు కట్టి అప్పజెప్పడం. ఈ పని కంపెనీ గోడల మధ్య జరగదు. వంట చేసే గదిలో, పిల్లలు పడుకునే చోట, వాకిట్లో జరుగుతుంది. తంబాకు బస్తా ఇంట్లోనే ఉంటుంది, దాని ఘాటు ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉంటుంది. ఫ్యాక్టరీ కార్మికుడు షిఫ్టు ముగియగానే దుమ్మును వదిలి ఇంటికి పోతాడు, ఈమెకు ఆ వీలు లేదు. దుమ్ము ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి పోవడం ఒక దారి. తడి ఆకుతో, తంబాకుతో రోజంతా పనిచేసే వేళ్ల చర్మం గుండా నికోటిన్ రక్తంలోకి పోవడం రెండో దారి. ఈ రెండో దారి ఊహ కాదు. పొగాకు తోటల్లో తడి ఆకు కోసే కూలీలకు వచ్చే వాంతులు, తలతిప్పుడు నికోటిన్ చర్మం గుండా ఎక్కడం వల్లనేనని వైద్యులు దశాబ్దాల క్రితమే తేల్చారు.

ఇక్కడే శాస్త్రానికి పనికొచ్చే సంగతి ఉంది. పొగాకు వల్ల కలిగే హాని గురించి ప్రపంచానికి తెలిసినదంతా చాలామటుకు తాగేవాళ్లను, నమిలేవాళ్లను చూసి తెలుసుకున్నదే. పొగాకు పరిశ్రమలో పనిచేసే మగవాళ్లను పరీక్షిస్తే వాళ్లలో చాలామంది తాగేవాళ్లే అయి ఉంటారు, అప్పుడు దుమ్ము ఏం చేసిందో, పొగ ఏం చేసిందో విడదీయలేం. మన దేశంలో 2016–17లో జరిగిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం పొగ తాగే ఆడవాళ్లు రెండు శాతమే. అంటే బీడీలు చుట్టే ఆడవాళ్లలో అత్యధికులు పొగ నోట పెట్టనివాళ్లు. పొగ అన్న అంశాన్ని పక్కకు తీసేసి, పొగాకు దుమ్ము ఒక్కదాన్నే దశాబ్దాల పాటు పీల్చిన ఇంత పెద్ద సమూహం ప్రయోగశాలలో తయారు చేద్దామన్నా కుదరదు, చేయడం నేరం కూడా. బతుకుదెరువు ఆ పని చేసి పెట్టింది. దాన్ని గమనించకపోవడం రెండో అన్యాయం.

ఈ మాట కొత్తగా పుట్టింది కాదు, దీనికి పునాది మన దేశంలోనే పడింది. ముంబైలోని క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రజనీ భిసే, ఆమె సహచరులు 1990ల్లో బీడీ పొగాకును శుద్ధి చేసేవాళ్లను, బీడీలు చుట్టేవాళ్లను పరీక్షిస్తూ వరసగా అధ్యయనాలు వెలువరించారు. నికోటిన్ ఒంట్లోకి పోయి విరిగితే కోటినిన్ అనే పదార్థం మూత్రంలో వస్తుంది. పొగాకు అలవాటు లేని కార్మికుల మూత్రంలోనూ అది కనిపించింది. బాక్టీరియాలో జన్యుమార్పులు తెప్పించే గుణం కూడా ఆ మూత్రంలో హెచ్చుగా ఉందని తేలింది. 1995లో మహిమ్‌కర్, భిసే ఇంకో అడుగు ముందుకు వేసి, పొగాకు శుద్ధి చేసే కార్మికుల తెల్ల రక్తకణాల్లో విరిగిన, తారుమారైన క్రోమోజోములు ఎక్కువగా ఉన్నాయని చూపించారు. 2003లో హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర పరిశోధకులు పొగాకు దుమ్ములో పనిచేసే కార్మికుల మీద ఇలాంటి ఫలితాన్నే ప్రకటించారు. 2006లో షోలాపూర్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం, నికోటిన్ ఎక్కడం వల్ల బీడీ కార్మికుల కణాల మీద ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతోందని చెప్పింది. షోలాపూర్ అనగానే కరీంనగర్ వైపు పాఠకులకు బంధువుల ఊరు గుర్తొస్తుంది. అక్కడి మగ్గాలూ బీడీలూ ఇక్కడి నుంచి వలసపోయిన పద్మశాలీల చేతుల మీదుగా నడిచినవే. ఆ తర్వాత మధ్యప్రదేశ్ తదితర ప్రాంతాల నుంచి కూడా ఇదే దిశలో చిన్న అధ్యయనాలు వచ్చాయి. పద్ధతులు మారాయి, చూపిన దిక్కు మాత్రం ఒకటే.

అయితే ఈ అధ్యయనాలన్నిటికీ ఒక హద్దు ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు. ఇవన్నీ కొద్దిమందిని ఒకే ఒక్కసారి చూసినవి. రక్తం తీసుకున్నారు, క్రోమోజోములు లెక్కపెట్టారు, ప్రచురించారు. ఆ రక్తం ఇచ్చిన మనిషి ఐదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంది అన్నది ఎవరూ చూడలేదు. క్రోమోజోము విరగడం జబ్బు కాదు. మన ఒంట్లో రోజూ ఎన్నో విరుగుతాయి, అతుక్కుంటాయి, అతకనివి చచ్చిపోయే కణాలతో పోతాయి. ఎక్కువగా విరిగినవాళ్లకు జబ్బు నిజంగా ఎక్కువ వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు యూరప్ కనిపెట్టింది. ఉత్తర యూరప్ దేశాలు, ఇటలీ పరిశోధకులు వేరువేరు కారణాలతో ఎప్పుడో క్రోమోజోము పరీక్షలు చేయించుకున్నవాళ్ల పేర్లు బయటికి తీసి, వాళ్లలో ఎంతమందికి తర్వాత క్యాన్సర్ వచ్చిందో రిజిస్ట్రీల్లో వెతికారు. విరుగుళ్లు ఎక్కువ ఉన్నవాళ్లకు క్యాన్సర్ ఎక్కువ వచ్చిందని 1998లో తేల్చారు. 2007లో స్టెఫానో బొనాస్సి బృందం పది దేశాల్లో 6,718 మందిని ఇలాగే వెంబడించి, కణంలో ప్రధాన కేంద్రకం పక్కన తునకలా మిగిలే మైక్రోన్యూక్లియస్‌ల సంఖ్య కూడా రాబోయే క్యాన్సర్‌కు సూచన అని చూపింది. అంటే గొలుసులో మొదటి లంకె మన దగ్గర ఉంది: పొగాకు దుమ్ము క్రోమోజోములను విరుస్తుంది. చివరి లంకె యూరప్‌లో ఉంది: క్రోమోజోములు విరిగితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. నడిమి లంకె, అంటే దుమ్ము పీల్చిన ఈ ఆడవాళ్లకే ఏమైందన్నది, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో తేలాలి. ఆ పని మిగిలిపోయింది.

మిగిలిపోవడానికి కారణం శాస్త్రవేత్తల కొరత కాదు. హైదరాబాద్ హబ్సిగూడలో కణజీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరిశోధనా సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది, అన్నీ కోరుట్లకు సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలోనే. పదివేల మంది భారతీయుల జన్యుపటాలను చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. జన్యువులు చదవగల దేశమే మనది. మన దగ్గర లేనిది వెంబడించే ఓపిక, వెంబడించడానికి రికార్డు. 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో తెలంగాణ నుంచి జనాభా ఆధారిత లెక్క ఉన్నది ఒక్క హైదరాబాద్ జిల్లాకే. కోరుట్లలో ఒకామెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరో, నోటి క్యాన్సరో వచ్చి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి పోతే, అక్కడ రోగిగా లెక్కకు వస్తుంది. కానీ కోరుట్లలో ఇలాంటి జబ్బులు లక్షకు ఎన్ని అన్న లెక్క ఎక్కడా తయారుకాదు. బీడీ చుట్టేదా అని కేస్ షీటులో రాసుకున్నా, ఆ ఊళ్లో చుట్టేవాళ్లెంతమంది, చుట్టనివాళ్లెంతమంది అన్నది పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ మాటకు విలువ రాదు.

పేర్ల జాబితా ఒక శాస్త్రాన్నే ఎలా నిలబెడుతుందో చూడాలంటే 1951 బ్రిటన్ దగ్గరికి పోవాలి. పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందా అని తేల్చడానికి రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ డాక్టర్లను ఎంచుకున్నారు. డాక్టర్లయితే బాగా జవాబిస్తారన్నది ఒక కారణం. అసలు కారణం, వైద్యుల రిజిస్టరు ఉంది కాబట్టి ఎవరు ఎప్పుడు పోయారో దశాబ్దాల తర్వాత కూడా పట్టుకోవచ్చు. 34,439 మంది మగ డాక్టర్లను యాభై ఏళ్లు వెంబడించిన ఆ అధ్యయనం ఇవాళ సిగరెట్ పెట్టె మీద క్యాన్సర్ ఫొటోకు ఒక ముఖ్య ఆధారం. అది వాళ్ల దేశం, మనకెక్కడ సాధ్యం అనేవాళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు చూడాలి. 1987–90 మధ్య 29 ఊళ్లలో గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం పెట్టి చూసిన ఒక ప్రయోగాన్ని జాతీయ పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు అక్కడితో వదిలేయలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక 2003లో మళ్లీ పోయి పట్టుకున్నారు, తర్వాత వాళ్ల తల్లిదండ్రులను కూడా చేర్చుకుని రక్తనాళాలు, చక్కెర, ఎముకలు అన్నీ కొలుస్తూ వచ్చారు. తెలంగాణ పల్లెలో ఒక మనిషిని ఇరవై ఏళ్ల తర్వాత పేరు పట్టుకుని వెతికి పట్టుకోవచ్చని తేలిన విషయమే.

బీడీ కార్మికుల విషయంలో ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు. బీడీ పరిశ్రమకు పీఎఫ్ చట్టం 1977లో వర్తించింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు మా ఉద్యోగులు కారని కంపెనీలు కోర్టుకెక్కితే, 1980ల మధ్యలో సుప్రీంకోర్టు వాళ్లూ కార్మికులేనని స్పష్టం చేసింది. ఆ తీర్పు పుణ్యమా అని ఎవరు ఏ ఏడాది పనిలో చేరారో, ఏ నెల ఎంత కూలి తీసుకున్నారో పీఎఫ్ ఖాతాల్లో ఉంటుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు కాబట్టి, కూలి తెలిస్తే ఎన్ని వేల బీడీలు చుట్టిందో లెక్కగట్టవచ్చు. అంటే ఎంత తంబాకు ఆమె చేతుల మీదుగా పోయిందో తెలుస్తుంది. ప్రపంచంలో ఏ వృత్తి ఆరోగ్య పరిశోధకుడైనా కలలు కనే సమాచారం ఇది. మామూలుగా వాళ్లు ‘ఎన్నేళ్లు చేశారు, రోజుకు ఎంత’ అని జ్ఞాపకాల మీద ఆధారపడతారు. పింఛను జాబితాలో ఇప్పుడు బతికున్నవాళ్ల పేర్లున్నాయి. 2007 నుంచి నడుస్తున్న ఆరోగ్యశ్రీలో ఎవరికి ఏ జబ్బుకు ఎప్పుడు ఎక్కడ చికిత్స జరిగిందో ఉంది. ఈ మూడు రికార్డులూ మూడు కార్యాలయాల్లో ఒకదాని మొహం ఒకటి చూడకుండా పడున్నాయి. వీటిని కలిపి చూసే డాక్టర్లు కూడా ఇప్పుడు దగ్గర్లోనే ఉన్నారు. జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. ప్రతి వైద్య కళాశాలకూ సామాజిక వైద్య విభాగం ఉండాల్సిందే. ఆ విభాగాలకు ఊరికి పనికొచ్చే ప్రశ్న వెతుక్కోవలసిన అవసరం లేకుండా, గేటు బయటే ప్రశ్న కూర్చుని ఉంది.

ఇంత శ్రమ ఎందుకు, పొగాకు చెడ్డదని తెలిసిందే కదా, పరిశోధన పేరుతో కాలయాపన చేయకుండా ఆ ఆడవాళ్లకు వైద్యం చేయించండి అనే అభ్యంతరం ఒకటుంది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన దేశంలో ‘ఇంకా అధ్యయనం చేయాలి’ అన్న మాట వెనక పని ఎగ్గొట్టే అలవాటు చాలా ఉంది. వైద్యం ఆపి పరిశోధన చేయమని ఎవరూ అనడం లేదు, రెండూ ఒకే ఇంటి గడప దగ్గర జరగాల్సినవే. కానీ రుజువు లేకపోవడం వల్ల ఏం పోతోందో సిరిసిల్లలో ఒకే ఇంట్లో చూడొచ్చు. మగ్గం నడిపే భర్తకు పత్తి దుమ్ము వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తే, దానికి బిసినోసిస్ అని పేరుంది, 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో దానికి చోటు దక్కింది. సిరిసిల్లలో ఇప్పుడు నేసేది ఎక్కువగా పాలిస్టర్ కావడం, ఆ పరిహారం చేతికి అందడం వేరే కథలు. చట్టం దృష్టిలో మాత్రం ఆ జబ్బు పని వల్ల వచ్చిందే. అదే ఇంట్లో బీడీలు చుట్టే భార్యకు దగ్గు, ఆయాసం, రక్తహీనత, చివరికి క్యాన్సర్ వచ్చినా ఆ జాబితాలో పొగాకు దుమ్ము అన్న పదమే లేదు. పత్తి దుమ్ముకు ఆ చోటు దయతో దొరకలేదు. సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగుసుకుపోతుందన్న మిల్లు కార్మికుల మాటను 1950ల్లో లాంకషైర్‌లో రిచర్డ్ షిల్లింగ్ లాంటి వైద్యులు పట్టుకుని, దుమ్ము ఎంత, జబ్బు ఎంత అని కొలిచి చూపించారు. అలాంటి కొలతలే 1978లో అమెరికాలో పత్తి దుమ్ముకు పరిమితి విధించే నిబంధన దాకా తీసుకెళ్లాయి. కొలవని బాధకు ప్రభుత్వ కాగితంలో గడి ఉండదు. పొగాకు విషయంలోనే చూడండి. బీడీ తాగే మగవాళ్లు సగటున ఆరేళ్లు, ఆడవాళ్లు ఎనిమిదేళ్లు ఆయుష్షు కోల్పోతున్నారని 2008లో పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం లెక్క చెప్పింది. బీడీ తాగడం వల్ల వచ్చే జబ్బులకు, మరణాలకు 2017లో దేశం పెట్టిన మూల్యం 80,550 కోట్ల రూపాయలని ఆర్థికవేత్త రిజో జాన్ తేల్చారు. ఆ రెండు లెక్కల్లోనూ ఉన్నది తాగినవాళ్లే, చుట్టినవాళ్లు కారు.

బీడీలకు చెడ్డపేరు తెస్తే ఉన్న పని కూడా పోతుందన్నది రెండో అభ్యంతరం, ఊళ్లలో బలంగా వినిపించేది ఇదే. పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ పెట్టాలన్న నిబంధన వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో కార్మికులు రోడ్డెక్కింది ఈ భయంతోనే. ఆ భయాన్ని కంపెనీలు వాడుకున్నాయి నిజమే, కానీ భయం కల్పితం కాదు. నెలంతా పని దొరకడం లేదన్న గోడు ఏళ్లుగా ఉంది. జీఎస్టీ వచ్చాక 2017లో బీడీ కార్మికుల సంక్షేమ సెస్ రద్దయి, వాళ్లకంటూ ఉన్న నిధి బడ్జెట్ దయకు మిగిలింది. బీడీలపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయిస్తే, దానికి చెప్పిన సమర్థనల్లో కార్మికుల ఉపాధి ముందుంది. అంటే కంపెనీకి పన్ను తగ్గించడానికి ఈ ఆడవాళ్ల పేరు పనికొస్తోంది, వాళ్ల ఊపిరితిత్తులు పరీక్షించడానికి మాత్రం పనికిరావడం లేదు. పరిశోధన వల్ల బీడీ పని పోదు. తాగేవాళ్లు తగ్గడం వల్ల, కంపెనీలు పని తగ్గించడం వల్ల, కూతుళ్లు ఈ పనిలోకి రాకపోవడం వల్ల అది ఎటూ తగ్గుతోంది. తగ్గుతున్న పనిలోంచి బయటపడేవాళ్లకు జబ్బు పని వల్లే వచ్చిందన్న రుజువు చేతిలో ఉంటే అడగడానికి హక్కు ఉంటుంది. మన దేశం 2004లో ఆమోదించిన ప్రపంచ పొగాకు నియంత్రణ ఒడంబడికలో పదిహేడో అధికరణం ప్రత్యామ్నాయ ఉపాధి గురించి, పద్దెనిమిదో అధికరణం పొగాకు పనిలో ఉన్నవాళ్ల ఆరోగ్య రక్షణ గురించి మాట్లాడుతుంది. ఆ రెండు అధికరణాలూ ఇక్కడి వాడల్లోకి ఇంకా దిగిరాలేదు.

శాస్త్రం వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా సూక్ష్మమైనది. కట్టెల పొయ్యి పొగ, పోషకాహార లోపం, భర్త తాగే బీడీ పొగ, గుట్కా, ముసలమ్మల చుట్ట, ఇవన్నీ కలిసి ఉన్నచోట దుమ్ము ఒక్కదాని పాత్ర ఎలా విడదీస్తారని అడుగుతారు. నూటికి నూరుపాళ్లు విడదీయలేం. కానీ అదే వాడలో, అదే పొయ్యి మీద వండుకుంటూ, బీడీలు చుట్టకుండా పొలం పనికో కూలికో పోయే ఆడవాళ్లున్నారు. వాళ్లతో పోల్చవచ్చు. ఎక్కువ చుట్టినవాళ్లకు జబ్బు ఎక్కువ, తక్కువ చుట్టినవాళ్లకు తక్కువ అన్న మెట్లు కనిపిస్తే, పీఎఫ్ ఖాతాలు ఆ మెట్లు చూపగలవు. కొత్త జీవశాస్త్రం ఇంకో తలుపు తెరిచింది. ఒక్కో విషం డీఎన్‌ఏ మీద ఒక్కో రకం చేవ్రాలు వదిలిపోతుందని ఇప్పుడు తెలుసు. రోజుకో పెట్టె సిగరెట్లు తాగితే ఊపిరితిత్తుల్లో ఒక్కో కణంలో ఏడాదికి సగటున 150 జన్యుమార్పులు చేరతాయని 2016లో లుడ్మిల్ అలెగ్జాండ్రోవ్ బృందం లెక్కగట్టింది. పొగాకు నమిలే భారతీయుల నోటి క్యాన్సర్లలో, పొగ వదిలే గుర్తుకు భిన్నమైన గుర్తు ఒకటి దొరికింది. మరి తాగకుండా, నమలకుండా, కేవలం దుమ్ము పీల్చిన మనిషి క్యాన్సర్‌లో ఏ గుర్తు ఉంటుంది? రెండింటిలో ఒకటా, మూడోదా, అసలు ఏదీ ఉండదా? ఏదీ లేదని తేలినా అది గొప్ప వార్తే. లక్షల మంది నిశ్చింతగా ఉండొచ్చు, డబ్బును దుమ్ము మీద కాక నడుంనొప్పి మీద, రక్తహీనత మీద పెట్టొచ్చు. ఫలితం ముందే తెలుసని అనుకుని పరిశోధన అడగడం పరిశోధన కాదు.

అన్నిటికంటే ఎక్కువగా జాగ్రత్త పడవలసింది సమ్మతి విషయంలో. తెలుగు నేల మీద దీనికి చేదు గుర్తు ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో చాలా చోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే, టీకా వేసుకున్న కొందరు పిల్లల మరణాలకు అది కారణం కాదనే విచారణలో తేలింది. అయినా నమ్మకం పోయింది, అది తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. పింఛను జాబితా చేతిలో ఉన్న ప్రభుత్వం ‘రక్తం ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది’ అన్న అనుమానానికి ఇసుమంత చోటిచ్చినా ఈ పని మొదలుకాకముందే చెడుతుంది. కాబట్టి పింఛను ఇచ్చే శాఖ వేరు, పరిశోధించే కళాశాల వేరుగా ఉండాలి. సంతకం ఆమెదే కావాలి, టేకేదారుదో, సర్పంచుదో కాదు. ఎవరి ఫలితం వాళ్లకు తెలుగులో చెప్పాలి. జబ్బు బయటపడితే చికిత్స బాధ్యత అధ్యయనం మీదే ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల కింద నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని కేంద్రం ప్రకటించింది. గడపలో కూర్చుని బీడీలు చుట్టే మనిషికి కూడా అది వర్తిస్తుందని రాష్ట్రం తన నియమాల్లో స్పష్టంగా రాస్తే, అధ్యయనానికి కావలసిన పరీక్షల్లో సగం హక్కుగానే జరిగిపోతాయి.

ఇప్పుడే ఎందుకంటే, వయసు వల్ల. 1980ల్లో పదీ పన్నెండేళ్లకే అమ్మ పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టిన తరం ఇప్పుడు యాభైల్లో ఉంది. క్యాన్సర్లు, ఊపిరితిత్తుల జబ్బులు బయటపడే వయసు ఇదే. వాళ్ల తర్వాత ఇంత కాలం, ఇంత తంబాకుతో పనిచేసే తరం ఈ జిల్లాల్లో ఉండదు, ఉండకూడదు కూడా. మొదటి అడుగుకు రక్తపరీక్ష, ల్యాబు కూడా అక్కర్లేదు. పింఛను తీసుకునే మనిషి చనిపోతే ఇప్పుడు ఆ పేరు జాబితా నుంచి తీసేస్తారు. డబ్బులు ఇచ్చే శాఖకు అక్కడితో పని ముగుస్తుంది, పరిశోధనకు మాత్రం అక్కడే మొదలవుతుంది. ప్రభాత్ ఝా బృందం 74 వేల మరణాల గురించి ఇంటివాళ్లను అడిగి, ఎన్నాళ్లు దగ్గారు, రక్తం పడిందా, గడ్డ కనిపించిందా అని రాసుకుని, బీడీ తాగేవాళ్ల ఆయుష్షు లెక్కగట్టింది. అదే ప్రశ్నల పత్రం తెలుగులో తయారు చేసి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో బీడీ పింఛను జాబితా నుంచి ఏ పేరు తీసేసినా ఆ ఇంటివాళ్ల అనుమతితో ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం ఒకసారి పోయి అడిగేలా చేయడానికి కలెక్టర్ల స్థాయిలో ఆదేశం చాలు. ఢిల్లీ నుంచి నిధులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, వచ్చే నెల పింఛను జాబితాతోనే మొదలుపెట్టొచ్చు.